అటక దిగని బాలల పుస్తకములు

తెలుగులో పిల్లల కొరకు పుస్తకము వ్రాసిన రచయిత ఇంటికి పోయి అటకమీదికి చూచినచో, అట్టపెట్టెలలో కట్టలుగా కట్టిన ప్రతులు తరచుగా కనబడును. సొంత డబ్బుతో వేయి ప్రతులు అచ్చు వేయించిరి. ఆవిష్కరణ సభనాడు నూరు పంచిరి. బంధుమిత్రులకును, సమీక్ష కొరకు పత్రికలకును మరి నూరు పోయినవి. పుస్తకశాలలవారు పాతికయో ముప్పదియో తీసికొని, ఏడాది తరువాత సగము త్రిప్పి పంపిరి. మిగిలినవి అటకనెక్కినవి. రచన బాగుండలేదా యన్న, అట్లు కాదు. పెక్కు సందర్భములలో బాగుగనే యుండును. బొమ్మలును ముచ్చటగనే యుండును. అయినను పుస్తకము అటక దిగదు.

ఈ కాలపు పిల్లలు చదువుట లేదు, సెల్‌ఫోను చూచుచున్నారు అని ఇందులకు తేలికగా కారణము చెప్పివేయుదురు. అందు కొంత నిజమున్నను, అమ్మకపు చిక్కు సెల్‌ఫోనుకంటె చాల పాతది. నవల కొనువాడే నవలను చదువును. వంటల పుస్తకము కొన్న ఇల్లాలే దానిని ముందు పెట్టుకొని వండును. పిల్లల పుస్తకము సంగతి వేరు. చదువవలసినవానికి డబ్బు లేదు. డబ్బున్నవానికి ఆ పుస్తకముతో పని లేదు. వీరిద్దరి నడుమ ఒక మేనమామయో, ఉపాధ్యాయుడో, గ్రంథాలయాధికారియో నిలిచిననే గాని బేరము కుదురదు.

లెక్క వేసి చూతము. ముప్పదిరెండు పుటల రంగుల బొమ్మల పుస్తకమును వేయి ప్రతులు వేసినచో ప్రతికి 50 రూపాయలు పడినదనుకొందము. వెల 80 రూపాయలు. దుకాణదారునకు నూటికి 40 వంతున తగ్గింపు ఇచ్చినచో రచయిత చేతికి వచ్చునది 48 రూపాయలు. అనగా అమ్ముడుపోయినకొలది నష్టమే! వెల పెంచుదమన్న కొనువాడు లేడు. అదే పుస్తకము అయిదువేలు వేసినచో ప్రతికి 25 రూపాయలకు దిగినదనుకొందము. మధ్యవర్తి లేకుండ ఒక్కచోట 40 రూపాయల వంతున ఇచ్చినను ప్రతికి 15, మొత్తముమీద 75,000 రూపాయలు మిగులును. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవే. కాని ఏ అచ్చుకూటములో అడిగినను ఖర్చు తగ్గు తీరు ఇట్లే కనబడును. ప్లేట్లు చేయించుటకును, యంత్రమును సిద్ధపరచుటకును అగు ఖర్చు వేయి ప్రతులకైనను పదివేలకైనను ఒక్కటియే గదా.

పోనిండు, ఒక్కొక్క ప్రతినే తపాలాలో పంపుదమన్న, చిరకాలముగా ఉన్న చౌకయైన రిజిస్టర్డు బుక్‌పోస్టు 2024 డిసెంబరులో రద్దయినది. 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ అను పేర మరియొక ఏర్పాటు వచ్చినది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు అని దాని ఆరంభ ధర. నలుబది రూపాయల పుస్తకమునకు ఇరువది రూపాయల తపాలా ఎవరు భరింతురు?

కనుక పిల్లల రచయిత వేసికొనవలసిన ప్రశ్న, నా పుస్తకమును ఎవరు చదువుదురు అన్నది మాత్రమే కాదు. నూరుమంది పిల్లల తరపున ఒక్కసారిగా కొనగలవారెవరు అన్నది. ఈ విద్య తెలిసినవారు మన సాహిత్య సభలలో అంతగా కనబడరు. వారు జూబిలీ హిల్స్‌లోను, ఫిలింనగరులోను ఉన్నారు.

ఒకప్పుడు రాళ్లగుట్టలుగా ఉండిన ఆ ప్రాంతమునకు మద్రాసునుండి తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమముగా తరలి వచ్చినది. 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరచిరి. తరువాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు లేచినవి. ఫిల్మ్ ఛాంబరు, నటుల సంఘము, వీధివీధిని కూర్పుగదులు, డబ్బింగు గదులు వెలసినవి. అక్కడివారి కళను గూర్చి ఎవరికి తోచినట్లు వారు చెప్పుకొందురు. వారి అమ్మకపు నేర్పును మాత్రము కాదనువారు లేరు.

సినిమా నిర్మాత టిక్కెట్లు అమ్మడు. అతడు ప్రాంతములను అమ్మును. నైజాము, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణ, గుంటూరు, నెల్లూరు అని తెలుగుదేశమును పంచి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క పంపిణీదారుని వెదకును. (1800లో నిజాము కుంపిణీవారికి దత్తము చేసిన మండలములకు వచ్చిన సీడెడ్ అను పేరు చరిత్ర పుస్తకములకు వెలుపల నిత్యవ్యవహారములో మిగిలినది సినిమా వ్యాపారములోనే కాబోలు.) పంపిణీదారుడు కొందరియొద్ద హక్కును మొత్తముగా కొనును, కొందరికి కనీసపు హామీ ఇచ్చును, కొందరికి బయానా ఇచ్చి కమీషనుమీద ఆడించును. ఏ పద్ధతియైనను చిత్రము పూర్తికాకమునుపే కొంత సొమ్ము నిర్మాతకు చేరుట కద్దు. నష్టభయము పదిమందిలో పంచబడును. గుంటూరులో ఏ హాలులో ఏ ఆట నిండునో నిర్మాతకు తెలియనక్కరలేదు. తెలిసినవానికి అతడు అప్పగించినాడు.

పిల్లల రచయిత దీనినుండి నేర్చుకొనదగినది ఒక్కటే. ముందు అచ్చువేసి తరువాత కొనువానిని వెదకుట మాని, ముందు కొనువారిని కూర్చుకొని తరువాత అచ్చువేయుట. నమూనాగా పది ప్రతులు చాలును. ఆ పదింటిని జిల్లాకొక్కరి చొప్పున పెట్టి, వందల లెక్కన ఒప్పందము వ్రాయించుకొని, బయానా తీసికొని, అప్పుడు యంత్రమెక్కింపవచ్చును. ఆ జిల్లా మనిషి వ్యాపారియే కానక్కరలేదు. విశ్రాంత ఉపాధ్యాయుడు కావచ్చును. స్టేషనరీ దుకాణదారుడు కావచ్చును. బడులలో అతని మాటకు విలువయున్న చాలును.

సినిమావారి నేర్పు పిల్లల పుస్తకములకు పనికివచ్చునా యని సందేహించువారికి ‘చందమామ’ ఒక్కటి చాలును. 1947 జూలైలో దానిని ఆరంభించినది చక్రపాణి, నాగిరెడ్డి గార్లు. కొలది కాలమునకే ‘పాతాళభైరవి’ని (1951), ‘మాయాబజారు’ను (1957) తీసిన విజయా సంస్థవారు వీరే. మొదటి నెలనుండియే తెలుగుతోపాటు తమిళములోను వెలువరించుట గమనింపదగినది. ఒక బొమ్మ రెండు భాషలకు పనికివచ్చినచో దాని ఖర్చు సగమగును. అటుపిమ్మట ఆ బొమ్మలే పన్నెండు భారతీయ భాషలకును, ఇంగ్లీషునకును పనికివచ్చినవి. ఒక చిత్రమును పలుభాషలలో ఆడించు నిర్మాత ఆలోచన ఇది; రచయిత ఆలోచన కాదు. ఊరూర ఏజెంట్లు, రైల్వే స్టేషన్లలో పుస్తకాల స్టాళ్లు, నెల మొదట తప్పక చేరవలెనను పట్టుదల: సినిమా పెట్టె సమయమునకు హాలుకు చేరకున్న ఆట ఆగునని తెలిసినవారికి ఈ క్రమశిక్షణ ఒకరు నేర్పనక్కరలేదు. 1952 నుండి 1980లో కన్నుమూయువరకు దాని కథలను తీర్చిన కొడవటిగంటి కుటుంబరావు గారి భాష లేకున్న ఆ అమ్మకము నిలిచెడిది కాదన్నదియు నిజమే. కాని ఆ భాష బాల్కొండకును బొబ్బిలికిని చేరుటకు అమ్మకపు యంత్రాంగము కావలసివచ్చినది. 2013 ప్రాంతమున పత్రిక ఆగిపోయినది. ఆ ఖాళీని ఏ ఒక్క పత్రికయు నింపలేదు.

పెద్దలకు జ్ఞాపకముండును, హాలుదగ్గర పాటల పుస్తకములు. పలుచని కాగితముపై రెండుమూడు రేకులు మడిచి, అణాకో బేడకో అమ్మెడివారు. పాటలకు ముందు కథ సగము చెప్పి, మిగిలినది తెరమీద చూడుడని ఆపెడివారు. సాహిత్యవేత్తలు దానిని పుస్తకమని ఒప్పుకొనరు. కాని అక్షరములు కూడబలుకుకొను పిల్లలకు అది చేతిలో సొంతముగా ఉండిన అచ్చుకాగితము. పాట అదివరకే చెవిలో నున్నది గనుక చదువు తేలికయ్యెడిది. జనము ఎక్కడ గుమిగూడుదురో అక్కడనే అమ్మవలెను, జేబులోని చిల్లరకు తగిన వెల పెట్టవలెను అను రెండు సూత్రములు అందులో ఉన్నవి. అమెరికాలో 1942లో లిటిల్ గోల్డెన్ బుక్స్ అను బొమ్మల పుస్తకములను పాతిక సెంట్లకు వెలువరించి, పుస్తకశాలలలోనే గాక పచారీ దుకాణములలోను అమ్ముటలో ఉన్న రహస్యమును ఇదియే. మన హాళ్లలో నేడు ఆటవిడుపునకు బయటికి వచ్చిన తల్లి మొక్కజొన్న పేలాలకు వందల రూపాయలు ఇచ్చుచున్నది. ఆ కౌంటరు ప్రక్కన ఒక చెక్కబల్ల వేయుటకు ఎవరును ఇంతవరకు గట్టిగా అడిగినట్లు లేదు.

అట్టి బల్లకు ఒక మంచి అవకాశము చేజారినది కూడ. అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవమునకు 1999 నుండి హైదరాబాదు స్థిర వేదిక. రెండేండ్లకొకసారి నవంబరులో బడిపిల్లలను బస్సులలో తెచ్చి హాళ్లు నింపెడివారు. 2017లో జరిగినది ఇరువదవది. దానిని నడిపిన బాలల చలనచిత్ర సంస్థ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయినది.

ఇక అభిమాన సంఘముల మాట. ఈ ప్రస్తావన రాగానే కొందరు సాహితీపరులు ముఖము చిట్లింతురు. కాని పిల్లల పుస్తకమునకు తెలుగుదేశమున ఇంతకంటె పెద్ద కొనుగోలుదారు దొరకుట కష్టమని నా అభిప్రాయము. కథానాయకుని పుట్టినరోజున ఊరూర ఏమి జరుగుచున్నది? కటౌటుకు పాలాభిషేకము మాత్రమే కాదు. ఆసుపత్రిలో పండ్లు, బడిలో నోటుపుస్తకములు, పలకలు, పెన్సిళ్లు పంచుట చాలకాలముగా ఉన్న వాడుక. ఆ ఉత్సాహమును ఒక దారికి త్రిప్పవచ్చునని నిరూపణమైనది కూడ: 1998లో చిరంజీవి గారు నెలకొల్పిన రక్తనిధి జూబిలీ హిల్స్‌లోనే యున్నది, అభిమానులు అక్కడ సూది గ్రుచ్చుకొనుటకు బారులు తీరినవారే. రక్తమిచ్చినవారు కథల పుస్తకము ఇయ్యరా?

అయిదువందల నోటుపుస్తకములు కొను సంఘము, వానితోపాటు అయిదువందల కథల పుస్తకములు కొనుటకు అడ్డమేమున్నది? అడిగినవారు లేకుండుటయే అడ్డము. నోటుపుస్తకము నాలుగు నెలలలో లెక్కలతో నిండి తూకమునకు పోవును. కథల పుస్తకము ఇంటిలో చెల్లెలికి, ప్రక్కింటివానికి చేతులు మారును. పంచినవారి పేరు అట్టమీద అంతకాలము నిలుచును. ఈ మాట సంఘాధ్యక్షునకు వెంటనే బోధపడును. అతనికి కావలసినది నాయకుని బొమ్మ, సంఘము పేరు, ఊరు, తేదీ. అయిదువందలకు తక్కువగాని కోరికకు నాలుగవ అట్ట మార్చి అచ్చువేసి ఇచ్చుట ముద్రాపకునకు పెద్ద పని కాదు. లోపలి పుటలు అవియే, అట్ట ఒక్కటే వేరు.

ఇచ్చట ఒక గీత గీయవలెను. నాలుగవ అట్ట వారిది, లోపలి పుటలు రచయితవి. కుందేలు కథలో కుందేలు చివర నాయకుని వలె తొడగొట్టవలెనని ఎవరైన కోరినచో ఆ బేరము వదలుకొనుటయే మేలు. మనకు ఈ విషయములో పాత అనుభవము లేకపోలేదు. శ్రీనాథుని నాటినుండి కృతిభర్తలున్నారు. వారి వంశము పీఠికలో వర్ణించి, ఆశ్వాసాంతమున పేరు పెట్టి పిలిచి, నడుమ కథను కవి తన ఇచ్చవచ్చినట్లు నడిపినాడు. భాగవతమును నరాంకితము చేయనొల్లని పోతన్న గాథను మనము గౌరవముతో తలతుము. అయినను పోతన్నకు పొలమున్నదని ఆ గాథయే చెప్పును. పిల్లల రచయితలలో పొలమున్నవారు కొద్దిమంది.

కృతిభర్తల సంప్రదాయమే నేడు మరియొక రూపమున కనబడుచున్నది. తలిదండ్రుల స్మృత్యర్థము ఫలానావారు ముద్రణవ్యయము భరించిరి అను మాట అనేక తెలుగు పుస్తకముల తొలి పుటలో ఉండును. తార్నాకలోని ‘మంచి పుస్తకం’ సంస్థ దీనిని ఒక పద్ధతిలో పెట్టినది. ఉత్తర అమెరికా తెలుగు సంఘము, అనగా తానాతో కలిసి బొమ్మల కథలకు పోటీలు పెట్టి, ఎన్నికైనవానిని అచ్చువేయించి, తక్కువ వెలకు అందించినది. కొలరాడోలోనో టెక్సాసులోనో ఉన్న ఒక ఇంజనీరు తాను చదివిన ఊరి బడికి నూరు పుస్తకముల పెట్టె పంపదలచినచో ఎవరికి ఫోను చేయవలెనో ఇప్పుడు తెలియును. బెంగళూరులో 2004లో పుట్టిన ప్రథం బుక్స్‌వారు తెలుగుతో సహా పలుభాషలలో చౌకగా ఇయ్యగలుగుటకు మూలము బడులు, స్వచ్ఛందసంస్థలు పెట్టెలకొలది కొనుటయే. సిలికానాంధ్ర మనబడివారు 2007 నుండి ప్రవాసపు పిల్లలకు తెలుగు చెప్పుచున్నారు. అక్షరమాల ముగిసిన పిల్లవానికి తరువాత ఏమి చదువనిత్తురు? పెద్ద అచ్చు, చిన్న వాక్యములు గల కథ వ్రాయగలవారికి అదియొక తలుపు.

సోవియట్ పుస్తకములను మరువరాదు. మాస్కోలో తెలుగున అచ్చయిన నున్నని కాగితపు బొమ్మల కథలను విశాలాంధ్రవారు ఊరూర ప్రదర్శనలు పెట్టి అమ్మిరి. వెల చౌకయగుటకు ఆ ప్రభుత్వపు రాయితీ కారణము; 1991తో ఆ ఊట ఎండినది. అయినను సంచారము మన చేతిలోనిదే గదా.

మరల కొండమీదికి వత్తము. జూబిలీ హిల్స్ బంగళాలలో పుట్టినరోజు పండుగకు వచ్చిన పిల్లలందరికి వెళ్లునపుడు ఒక్కొక్క పొట్లము ఇచ్చి పంపుదురు. రిటర్న్ గిఫ్టు అని దానికి పేరు. ముప్పది నలుబది ప్రతుల కొనుగోలు ఇది. ఏడాది పొడుగున వీధివీధినా జరుగును. తల్లికి కావలసినది ముందురోజు సాయంకాలమునకు ముచ్చటగా కట్టిన నలుబది పొట్లములు. ప్రతిదానిపై బిడ్డ పేరు. ఈ పని చేసిపెట్టువారికి వెలతో పేచీ రాదు. చిక్కు మరియొకటి: ఆ పిల్లలలో తెలుగు చదువగలవారెందరు? ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పుస్తకమైననే ఆ ఇంట ప్రవేశించును. దానికి సిగ్గుపడనక్కరలేదు. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలోను ఇంగ్లీషు మాధ్యమము పెట్టి, పాఠ్యపుస్తకములను రెండుభాషలలో ఇచ్చుచున్నారు. అదే బంగళాలో వంటచేయు ఆమె కూతురు, కొండ దిగువ ఫిలింనగరు బస్తీలో బడికి పోవుచున్నది. ఆమెకు తెలుగు పుట వచ్చును, ఇంగ్లీషు పుట కావలెను. ఒక్క పుస్తకము ఇద్దరికి రెండువైపులనుండి పనికివచ్చును. నలుబది కొన్న తల్లిని, మరి నలుబది ఆ బడికి కొనుమని అడిగి చూడవచ్చును. పుట్టినరోజునాడు కాదనుట కష్టము.

ఆ బంగళాల యజమానులకే తెలియని మరియొక కొనుగోలు వారి పేర జరుగవలసియున్నది. 1960 నాటి ప్రజా గ్రంథాలయ చట్టము ప్రకారము ఆస్తిపన్నుపై రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ సెస్సు ఉన్నది. లక్ష రూపాయల పన్నుపై లెక్కించినచో 8,000. మన నలుబది రూపాయల పుస్తకములు రెండువందలు! నగరపాలక సంస్థ వసూలు చేసిన ఈ సొమ్ము గ్రంథాలయ సంస్థకు పూర్తిగా ముట్టలేదను బకాయిల గొడవ పత్రికలలో పలుమార్లు వచ్చినది. ముట్టినంతలో జీతములు, కరెంటు, కట్టడములు పోను పుస్తకములకు మిగులునది ఎంత? అందు పిల్లల పుస్తకములకెంత? తన వార్డులోని గ్రంథాలయమున బాలల విభాగమునకు ఏమి కొనిరో ఆ పన్ను కట్టినవాడు అడుగ వచ్చును; రచయిత అడిగిన దానికంటె ఆ ప్రశ్నకు బలమెక్కువ. కలకత్తాలో 1972లో ఏర్పడిన రాజా రామమోహనరాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానము కూడ రాష్ట్రములతో కలిసి కొనుచున్నది. 2018 నుండి సమగ్ర శిక్ష పథకములో ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000 మొదలు పెద్ద బడులకు 20,000 రూపాయల వరకు గ్రంథాలయ నిధి ఏర్పాటైనది.

అయితే ప్రభుత్వపు టోకు కొనుగోలునే నమ్ముకొనుటలో ఉన్న చీడ ఎల్లరకు తెలిసినదే. ఎంపిక సంఘము కొరకే పుట్టు పుస్తకములు బయలుదేరును: వెల ఎక్కువ, కాగితము దళసరి, కథ శూన్యము. అవి బీరువాలోనికి పోయి, తాళమునకు వెనుక తెల్లగా మెరయుచుండును. రచయితకు బిల్లు చెల్లినది గనుక అతనికి దిగులు లేదు. పిల్లవానికి పుస్తకము అందలేదు గనుక మరల అడుగువాడు లేడు. అమెరికాలో 1920 నాటి స్కొలాస్టిక్ సంస్థ బడులద్వారా అమ్మిన పద్ధతి ఇంతకంటె ఆరోగ్యకరమైనది. పిల్లలు జాబితా చూచి తామే ఎంచుకొందురు. ఉపాధ్యాయుడు ఆర్డర్లు కూడగట్టును. ఆ మొత్తమునుబట్టి తరగతి గ్రంథాలయమునకు ఉచితముగా పుస్తకములు వచ్చును. టోకుగా పోయినను ఎన్నిక పిల్లవానిదే. మన రచయిత బడికి పోయి ఒక గంట కథ చెప్పి, రెండు నమూనాలు తరగతిలో వారము దినములు వదలివచ్చి, చిరిగినదేదో నలగనిదేదో చూచికొని ఆర్డరు వ్రాయించుకొన్నచో అదే ఫలము సిద్ధించును. రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావు గారు 1945లో ‘బాల’ పత్రికను తెచ్చునప్పటికే మద్రాసు రేడియోలో ఆయన గొంతు పిల్లలకు పరిచయము. వినువారు ముందు, పత్రిక తరువాత.

ఇవన్నియు చేయదలచినవారు తేదీలు సరిచూచుకొనవలెను. మహేశ్ బాబు పుట్టినరోజు ఆగస్టు 9, చిరంజీవిది 22. పవన్ కల్యాణ్‌ది సెప్టెంబరు 2, ప్రభాస్‌ది అక్టోబరు 23. నవంబరు 14న బాలల దినోత్సవము, ఆనాటినుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు. అన్నియు బడులు నడుచు నెలలే. సంఘమువారు చందాలు పోగుచేసికొనుటకు ఒక నెల, అట్ట మార్చి అచ్చు ముగించి కుట్టి కట్టలు కట్టుటకు మరియొక నెల వేసికొన్నను, జూన్ 12న బడులు తెరచునాటికి నమూనా ప్రతియు, నూటికింత అయిదువందలకింత అని వ్రాసిన వెలల పట్టికయు రచయిత సంచిలో సిద్ధముగా ఉండవలెను.